ఫెయిలైన కుర్రాడికి వజీఫా

పోయిన నెలలో ఒక ఆదివారం మా ఆపా కొడుకు ఇంటికొచ్చాడు. దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నాడు కానీ ముద్ద మింగడం లేదు. ఏంట్రా అని అడిగితే ఫోన్ తీసి జీఆర్‌ఈ స్కోరు చూపించాడు. వెర్బల్ 146, క్వాంట్ 157. వాడు బీటెక్ అయ్యాక రెండేళ్లు ఒక లాబ్‌లో చిన్న ఉద్యోగం చేశాడు. అమెరికాలో పీహెచ్‌డీ చేయాలని వాడి ఆర్జూ. ఇరవై వేలకు పైగా ఫీజు కట్టి, ఆరు నెలలు మెహనత్ చేసి రాస్తే వచ్చిన నతీజా ఇది.

"మామూ, ఇంక దరఖాస్తులు పెట్టను. ఈ నంబర్ చూసి ఎవరూ నా ఫైల్ తెరవరు. అమ్మీకి మీరే చెప్పండి" అన్నాడు.

నేను సైన్సు మనిషిని కాను. తారీఖ్ చదువుకునేవాణ్ణి. అందుకని వాడికి స్కోరు పెంచే చిట్కాలు చెప్పలేకపోయాను. ఒక పాత కథ మాత్రం చెప్పాను. అందరికీ తెలిసిన కథే. కానీ మనం దాన్ని సగమే చెప్పుకుంటాం. మిగతా సగంలోనే వాడికి పనికొచ్చేది ఉందని నాకనిపించింది. ఆ రోజు వాడికి చెప్పిందీ, తర్వాత పుస్తకాలు తిరగేసి సరిచూసుకున్నదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. వాడిలాంటి పిల్లలు మన మొహల్లాల్లో ఎందరో ఉన్నారు.

కథ శ్రీనివాస రామానుజన్‌ది. సగం కథ ఇలా ఉంటుంది: పరీక్ష తప్పిన కుర్రాడు కేంబ్రిడ్జ్‌కి ఉత్తరం రాశాడు, హార్డీ అనే దొర వజ్రాన్ని గుర్తుపట్టాడు, ఖిస్మత్ మారిపోయింది. వినడానికి బాగుంటుంది. కానీ ఇది చదివిన పిల్లవాడికి రెండే దారులు కనిపిస్తాయి. నేనూ రామానుజన్‌నే, పరీక్షలతో పనిలేదు అనుకోవడం ఒకటి. నేను రామానుజన్‌ని కాను, నాకు దారి లేదు అనుకోవడం రెండోది. రెండూ గలతే. హకీకత్‌లో జరిగింది వేరు.

1904లో మెట్రిక్ పాసైన రామానుజన్‌కి కుంభకోణం ప్రభుత్వ కాలేజీలో వజీఫా దొరికింది. లెక్కల్లో మునిగి మిగతా సబ్జెక్టులు వదిలేశాడు. ఇంగ్లీషులో తప్పాడు. వజీఫా పోయింది. పేద ఇల్లు, ఫీజు కట్టే తాఖత్ లేదు. 1905 ఆగస్టులో ఇంట్లో చెప్పకుండా రైలెక్కి ఎక్కడికి పారిపోయాడో తెలుసా? మన విశాఖపట్నానికి. కుర్రాడు కనబడటం లేదని ఇంటివాళ్లు పేపర్‌లో వేయించుకోవలసి వచ్చింది. అప్పటికి వాడికి పదిహేడేళ్లు. మార్కులు తగ్గిన పిల్లలు ఇంట్లోంచి వెళ్లిపోయారన్న ఖబర్ ఇప్పుడు చదివినప్పుడల్లా నాకు ఆ విశాఖ రైలే గుర్తొస్తుంది.

తిరిగి వచ్చాక మద్రాసు పచ్చయప్ప కాలేజీలో చేరాడు. ఎఫ్‌ఏ ఇమ్తిహాన్ 1906లో తప్పాడు, 1907లో మళ్లీ తప్పాడు. ఆ కాలపు ఖానూన్ ప్రకారం ప్రతి సబ్జెక్టులోనూ పాసు కావాలి. లెక్కల్లో ఎంత ఎత్తున ఉన్నా శరీరశాస్త్రంలో తప్పితే మొత్తం తప్పినట్టే. అలా వాడికి డిగ్రీ లేకుండా పోయింది. డిగ్రీ లేనివాడికి యూనివర్సిటీలో చోటు లేదు. బతకడానికి ట్యూషన్లు వెతుక్కున్నాడు.

ఇక్కణ్ణుంచి మనం చెప్పుకోని భాగం మొదలవుతుంది.

రామానుజన్ చేతిలో మార్కుల కాగితం లేదు. కానీ ఒక నోట్‌బుక్ ఉంది. సంవత్సరాల తరబడి తాను కనిపెట్టిన సూత్రాలన్నీ అందులో రాసుకున్నాడు. 1910లో ఆ నోట్‌బుక్ చంకన పెట్టుకుని తిరుక్కోయిలూరు వెళ్లాడు. అక్కడ డిప్యూటీ కలెక్టర్ వి. రామస్వామి అయ్యర్. ఆయన దగ్గరికే ఎందుకు? భారత గణిత సంఘాన్ని 1907లో మొదలుపెట్టింది ఆయనే కాబట్టి. అంటే వాడు ఎవరో ఒక పెద్ద అధికారి దగ్గరికి పోలేదు. తన పని చదివి తూచగలిగిన మనిషి దగ్గరికి పోయాడు. రామస్వామి అయ్యర్ వాణ్ణి మద్రాసులోని లెక్కల మాస్టార్ల దగ్గరికి పంపాడు. అలా చేతులు మారుతూ ఆ ఏడాది చివరికి నోట్‌బుక్ నెల్లూరు కలెక్టర్ ఆర్. రామచంద్రరావు ముందుకొచ్చింది.

రామచంద్రరావు గారికి లెక్కల మీద శౌఖ్ ఉంది. మొదట ఆయనకి యఖీన్ కలగలేదు. కుర్రాడు నిజంగా చేశాడా, ఎక్కడైనా చూసి రాశాడా అన్న షక్. మళ్లీ మళ్లీ మాట్లాడాకే నమ్మాడు. ఏం కావాలి అని అడిగితే, తిండికి ఇబ్బంది లేకుండా పని చేసుకునే వీలు చాలన్నాడు రామానుజన్. ఆయన సొంత జేబులోంచి నెలకి 25 రూపాయలు పంపడం మొదలుపెట్టాడు. 1911లో రామానుజన్ మొదటి పేపరు భారత గణిత సంఘం పత్రికలో అచ్చయింది. బెర్నూలీ సంఖ్యల మీద రాసింది. ఇది చాలా పెద్ద మాట. అప్పటిదాకా వాడి పని నోట్‌బుక్‌లో ఉంది, ఎవరింటికి వెళ్తే వాళ్లకే కనబడుతుంది. ఇప్పుడు వాడు లేనిచోట కూడా వాడి తరఫున మాట్లాడే గవాహీ ఒకటి పుట్టింది.

ఊరికే వచ్చే డబ్బు మీద ఎన్నాళ్లు బతకాలని 1912 మార్చిలో మద్రాసు పోర్ట్ ట్రస్ట్‌లో గుమాస్తాగా చేరాడు. జీతం 30 రూపాయలు. ఆ నౌకరీ దరఖాస్తుకి కూడా ప్రెసిడెన్సీ కాలేజీ లెక్కల ప్రొఫెసర్ మిడిల్‌మాస్ట్ సిఫారసు జతచేశాడు. ఆఫీసులో పైవాడు నారాయణ అయ్యర్‌కి లెక్కలు తెలుసు. ఆయన పైవాడు, పోర్ట్ ట్రస్ట్ ఛైర్మన్ సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్‌కి నారాయణ అయ్యర్ మాట మీద భరోసా. ఇలా ఒకరి నుంచి ఒకరికి సిల్‌సిలా పెరిగింది.

తిరస్కారాలు కూడా వచ్చాయి. మద్రాసు ఇంజనీరింగ్ కాలేజీ ప్రొఫెసర్ గ్రిఫిత్ లండన్‌లో తన ఉస్తాద్ హిల్‌కి రామానుజన్ పని పంపాడు. హిల్ కొంత మెచ్చుకున్నాడు, కానీ కుర్రాడికి పునాది సరిగా లేదన్నాడు, ఏ పుస్తకం చదవాలో చెప్పాడు. అంతకుమించి ముందుకు రాలేదు. తర్వాత కేంబ్రిడ్జ్‌లో ఇద్దరు పెద్ద ప్రొఫెసర్లకి రాస్తే ఫాయిదా లేకపోయింది. 1913 జనవరి 16న హార్డీకి రాసిన ఉత్తరం ఇన్ని తలుపులు మూసుకున్నాక తట్టిన తలుపు.

ఆ ఉత్తరం ఎలా మొదలైందో గమనించాలి. నేను పోర్ట్ ట్రస్ట్‌లో గుమాస్తాని, నాకు యూనివర్సిటీ చదువు లేదు అని ముందే చెప్పేశాడు. దాచలేదు, దాని గురించి ఏడవలేదు, పేజీలకొద్దీ సంజాయిషీ ఇవ్వలేదు. రెండు ముక్కల్లో చెప్పి, ఆ తర్వాత పేజీల నిండా సిద్ధాంతాలు పెట్టాడు. బలహీనత రెండు వాక్యాలు, పని తొమ్మిది పేజీలు.

హార్డీ ఎలాంటి మనిషో కూడా చూడాలి. కేంబ్రిడ్జ్‌లో ట్రైపాస్ అనే లెక్కల పరీక్ష ఉండేది. పాసైన వాళ్లందరికీ వరసగా ర్యాంకులిచ్చేవాళ్లు. మొదటి ర్యాంకు వాడికి దేశమంతా షోహ్రత్. హార్డీ 1898లో నాలుగో ర్యాంకు తెచ్చుకున్నాడు. అయినా ఈ ర్యాంకుల పిచ్చి ఇంగ్లండ్ లెక్కల్ని పాడుచేస్తోందని గట్టిగా వాదించిన వాళ్లలో ఆయనొకడు. 1909 తర్వాత ఆ ర్యాంకుల వరసని ఎత్తేశారు. పరీక్ష ఏం కొలుస్తుందో, ఏం కొలవదో తెలిసిన మనిషి చేతిలో ఆ ఉత్తరం పడింది. అందులో ఇత్తెఫాఖ్ కొంత ఉంది. కానీ మూడోసారి తట్టకపోతే ఆ ఇత్తెఫాఖ్ కూడా జరిగేది కాదు.

ఇప్పుడు అసలు సంగతి. హార్డీ జవాబు వచ్చేలోపే మద్రాసులో చక్రం కదిలింది. హార్డీ జోక్యంతో దాని వేగం పెరిగింది. 1913 ఫిబ్రవరిలో వాతావరణ శాఖ అధిపతి గిల్బర్ట్ వాకర్ మద్రాసు వచ్చి రామానుజన్ పని చూశాడు. వాకర్ ఎవరు? 1889లో అదే ట్రైపాస్‌లో మొదటి ర్యాంకు వాడు. ఇమ్తిహాన్‌లో అందరికంటే పైన నిలిచిన మనిషి, ఇమ్తిహాన్ తప్పిన గుమాస్తాకి కొన్నేళ్లు వేరే చింత లేకుండా చూడమని యూనివర్సిటీకి ఉత్తరం రాశాడు.

మార్చి 19న ఇంజనీరింగ్ కాలేజీ ప్రొఫెసర్ బి. హనుమంతరావు మద్రాసు యూనివర్సిటీ గణిత బోర్డుని సమావేశపరిచాడు. నెలకి 75 రూపాయల చొప్పున రెండేళ్లు రీసెర్చ్ వజీఫా ఇవ్వాలని బోర్డు సిఫారసు చేసింది. అది సిండికేట్ ముందుకెళ్లింది. అక్కడ అడ్డం పడింది ఖానూన్. ఆ వజీఫాలు ఎమ్మే పాసైన వాళ్లకి. వీడికి ఎఫ్‌ఏ కూడా లేదు. ఇవ్వడానికి వీల్లేదని కొందరన్నారు. వైస్ ఛాన్సలర్ హైకోర్టు జడ్జి పి.ఆర్. సుందరం అయ్యర్. ఆయన ఖానూన్ పుస్తకమే తెరిచాడు. యూనివర్సిటీని స్థాపించిన చట్టంలో దాని మక్సద్ ఏమని రాసి ఉంది? పరిశోధనని ప్రోత్సహించడం అని కదా. మరి పరిశోధన చేస్తున్నవాడు ఎదురుగా ఉంటే, ఆ మక్సద్ కోసం పెట్టుకున్న నియమం ఆ మక్సద్‌కే ఎలా అడ్డం పడుతుంది? ఈ వాదన నిలబడింది. గవర్నర్ ఇజాజత్‌కి లోబడి వజీఫా మంజూరైంది. మద్రాసు యూనివర్సిటీ రెండుసార్లు ఫెయిల్ చేసిన కుర్రాడు మద్రాసు యూనివర్సిటీ వజీఫాతోనే పరిశోధకుడయ్యాడు.

మిగిలింది మీకు తెలుసు. 1914 మార్చిలో ఓడెక్కాడు. యూనివర్సిటీ ఏడాదికి 250 పౌండ్లు, ట్రినిటీ కాలేజీ 60 పౌండ్లు ఇచ్చాయి. 1916లో పరిశోధన మీద బీఏ డిగ్రీ, 1918లో రాయల్ సొసైటీ ఫెలోషిప్, అదే ఏడాది ట్రినిటీ ఫెలోషిప్. 1920లో ముప్పై రెండేళ్లకే ఇంతెఖాల్.

ఇంతవరకు విని మా వాడు అన్నాడు: "మామూ, ఆయన జీనియస్. నేను కాదు."

నిజమే బేటా. కానీ జీనియస్ అన్న ఒక్క మాటతో 1907 నుంచి 1913 దాకా గడిచిన ఆరేళ్లని కప్పేయకు. 1907లోనూ ఆయన అంతే జీనియస్. ఆ జీనియస్‌ని ఎవరూ గుర్తించలేదు. మధ్యలో మూడు జరిగాయి. ఒకటి, పని మరొకరు చదవగలిగే రూపంలోకి వచ్చింది: నోట్‌బుక్, తర్వాత అచ్చయిన పేపరు. రెండు, ఆ పనిని తూచగల మనుషులు తమ పేరు పెట్టి గవాహీ ఇచ్చారు. మూడు, ఖానూన్‌లో దారి వెతికే అధికారం ఉన్నవాడొకడు లోపల కూర్చుని ఉన్నాడు. ఈ మూడూ జీనియస్‌కే కాదు, మామూలు ఖాబిలియత్ ఉన్నవాడికీ అవసరమే. బహుశా ఇంకా ఎక్కువ అవసరం.

ఇక నువ్వు భయపడే ఆ నంబర్‌కి కూడా ఒక తారీఖ్ ఉంది. అది ఆకాశం నుంచి దిగలేదు. జీఆర్‌ఈ 1936లో మొదలైంది. కార్నెగీ ఫౌండేషన్, అమెరికాలోని నాలుగు పాత యూనివర్సిటీలు కలిసి ప్రయోగంగా మొదలుపెట్టాయి: హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, కొలంబియా. దానికి పదేళ్ల ముందు, 1926లో, కాలేజీ ప్రవేశాలకి శాట్ పరీక్ష వచ్చింది. దాన్ని తయారుచేసిన కార్ల్ బ్రిగమ్ అంతకుముందు 1923లో జాతుల వారీగా తెలివిని కొలిచానని ఒక పుస్తకం రాశాడు. 1930లో తన వాదనకి బునియాద్ లేదని తానే ఒప్పుకున్నాడు. ఇలాంటి పరీక్షలన్నీ ఒకే సంస్థ చేతిలో పెట్టడం కూడా ఆయనకి ఇష్టం లేదు. ఆయన 1943లో చనిపోయాడు. 1947లో ఆ సంస్థ ఏర్పడింది. ఈటీఎస్ అని మీరంతా పిలిచేది దాన్నే.

ఆ ఈటీఎస్ కూడా యూనివర్సిటీలకి చెప్పేది ఇదే: ఒక్క స్కోరు మీదే ఫైసలా చేయకండి, మిగతా ఆధారాలతో కలిపి చూడండి. పరీక్ష పెట్టేవాళ్లే అది ఒక గవాహీ మాత్రమే అంటున్నారు. కానీ వందల దరఖాస్తులు బల్ల మీద ఉన్నప్పుడు, ఇంత కంటే తక్కువ ఉంటే పక్కన పెట్టండి అనడం తేలిక. 1907లో మద్రాసు యూనివర్సిటీ చేసిందీ అదే. జాలిమ్‌లు అయ్యి కాదు, తేలిక కాబట్టి.

భాష సంగతి కూడా చూడు. రామానుజన్‌ని మొదట పడగొట్టింది ఇంగ్లీషు. నిన్ను పడగొట్టిందీ వెర్బలే. మన హైదరాబాద్‌లో నిజాం కాలేజీ అప్పట్లో అదే మద్రాసు యూనివర్సిటీ కింద ఉండేది. పిల్లల బుద్ధిబలమంతా పరాయి జబాన్‌తో కుస్తీకే ఖర్చవుతోందని అక్బర్ హైదరీ 1917లో ఒక అర్జీ రాశాడు. ఆ ఏడాదే మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఉస్మానియా యూనివర్సిటీకి ఫర్మానా జారీచేశాడు. తాలీమ్ ఉర్దూలో, ఇంగ్లీషు మాత్రం తప్పనిసరి సబ్జెక్టుగా. పుస్తకాల కోసం దారుల్ తర్జుమా పెట్టారు. అక్కడ ఉర్దూలో చదువుకున్న రజీయుద్దీన్ సిద్దీఖీ తర్వాత కేంబ్రిడ్జ్‌లో, జర్మనీలోని లైప్‌జిగ్‌లో గణితం చదివాడు. ఉర్దూ వదిలినా, తెలుగు వదిలినా మంచిదని నేననను. ఉర్దూలో తాలీమ్ అన్నప్పుడు తెలుగు పిల్లల మాటేమిటన్న సవాల్ కూడా న్యాయమైనదే. నేను చెప్పేది ఇంతే: మార్కు ఎప్పుడూ ఒక్క తెలివినే కొలవదు. ఏ భాషలో అడిగారు, ఎవరింట్లో ఆ భాష మాట్లాడతారు, కోచింగ్‌కి ఎవరి దగ్గర పైసలున్నాయి, ఇవన్నీ ఆ నంబర్‌లో కలిసి ఉంటాయి.

ఇటీవల అమెరికాలోనే ఈ సవాల్ లేచింది. నాష్‌విల్ అనే ఊళ్లో 2004లో ఫిస్క్, వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలు ఒక బ్రిడ్జ్ ప్రోగ్రాం మొదలుపెట్టాయి. ఫిస్క్ నల్లజాతి పిల్లల కోసం పుట్టిన పాత విద్యాసంస్థ. విద్యార్థి ముందు ఫిస్క్‌లో మాస్టర్స్ చేస్తాడు, వాండర్‌బిల్ట్ ప్రొఫెసర్ల దగ్గర పరిశోధన చేస్తాడు, వాళ్లు వాడి పని కళ్లతో చూశాక పీహెచ్‌డీలోకి వెళ్తాడు. దాన్ని నడిపిన కీవన్ స్టాసున్, కేసీ మిల్లర్‌తో కలిసి 2014లో నేచర్ పత్రికలో రాశాడు: జీఆర్‌ఈని వాడే తీరు ఆడపిల్లల్నీ, నల్లజాతి పిల్లల్నీ వడకట్టేస్తోందని. 2017లో నార్త్ కరోలినా యూనివర్సిటీ వాళ్లు తమ జీవశాస్త్ర పీహెచ్‌డీ విద్యార్థుల్ని పరిశీలిస్తే, ఎవరు ఎక్కువ పేపర్లు రాస్తారో జీఆర్‌ఈ చెప్పలేకపోయింది. సిఫారసు లేఖలు కొంత చెప్పగలిగాయి. ఆ తర్వాత చాలా డిపార్ట్‌మెంట్లు ఆ పరీక్షని తీసేశాయి, లేదా ఇష్టమైతే పంపండి అన్నాయి.

ఇన్సాఫ్‌గా అవతలి మాట కూడా చెప్పాలి. ఇలాంటి పరిశీలనలన్నీ సీటు దొరికిన వాళ్ల మీద జరిగినవి. దొరకని వాళ్లు వస్తే ఏమయ్యేదో వాటికి తెలియదు. సిఫారసు లేఖలకీ ఒక ఐబ్ ఉంది. పేరున్న ప్రొఫెసర్ దగ్గర చదివినవాడికి మంచి లేఖ దొరుకుతుంది, చిన్న ఊరి కాలేజీ పిల్లవాడికి నాలుగు పొడి మాటలు దొరుకుతాయి. ఎవరి పరిచయమూ లేని పిల్లలకి ఒక్కోసారి పరీక్షే ఏకైక దర్వాజా. అందుకే పరీక్షలన్నీ బేకార్ అని నేననను. తక్కువ స్కోరు ఒక్కటే చూసి నీ దరఖాస్తుని నువ్వే చించేసుకోవద్దు అంటాను.

అప్పుడు మా వాడితో కూర్చుని ఒక కాగితం మీద రాసుకున్నాం. వాడు ఎంచుకున్న పది డిపార్ట్‌మెంట్ల నియమాలు ఒక్కొక్కటే చదివాం. నాలుగు చోట్ల జీఆర్‌ఈ అడగనే అడగరు. మూడు చోట్ల ఇష్టమైతే పంపమన్నారు, అక్కడ పంపనక్కరలేదు. కచ్చితంగా కావాలన్నవి మూడే. వాడు ఆరు నెలలుగా పదింటికీ భయపడుతున్నాడు.

తర్వాత వాడి నోట్‌బుక్ ఏదని అడిగాను. మొదట అర్థం కాలేదు. లాబ్‌లో రెండేళ్లు ఏం చేశావురా అంటే, ఒక పాత యంత్రం రీడింగుల్లో వచ్చే తప్పుని సరిచేసే ప్రోగ్రాం రాశానన్నాడు. లాబ్ అంతా అదే వాడుతోందట. ఎక్కడైనా రాసిపెట్టావా? లేదు. మీ సార్‌కి తెలుసా? తెలుసు. సిఫారసులో ఆ సంగతి రాయమని అడిగావా? లేదు, శరమ్ వేసింది మామూ.

శరమ్ పక్కన పెట్టి సార్‌ని అడగమన్నాను. ఆ పని మీద నాలుగు పేజీలు, కొత్తవాడికి అర్థమయ్యేలా రాయమన్నాను. స్టేట్‌మెంట్‌లో స్కోరు గురించి రెండు వాక్యాలకి మించి వద్దన్నాను. సీటు వచ్చినా రాకపోయినా ఆ నాలుగు పేజీలు వాడి దగ్గరే ఉంటాయి. ఒకవేళ ఈ ఏడాది నేరుగా పీహెచ్‌డీ కుదరకపోతే ముందు ఒక మాస్టర్స్, నాష్‌విల్ పిల్లల్లాగే. అది ఓటమి కాదు, మెట్టు.

నిన్న రాత్రి ఆపా ఫోన్ చేసింది. కుర్రాడు మళ్లీ అన్నం సరిగా తింటున్నాడని చెప్పింది. నాలుగు పేజీలు ఏడయ్యాయట. సార్ చదివి ఎర్ర సిరాతో సగం కొట్టేశాడట. మళ్లీ రాస్తున్నాడు.